చారల రొయ్యకు మేత

ఐదు ఉండాలి, రెండే కనబడుతున్నాయి.

ఇన్బవల్లి కొంగుతో అద్దం తుడిచి మళ్ళీ లెక్కపెట్టింది. పగడాల తొట్టిలో ఎడమ పక్క రాతి కింద ఒకటి, మోటారు పక్కన ఇంకొకటి. తెల్లటి ఒళ్ళు, నడుము నుంచి తోక దాకా నిప్పంటుకున్నట్టు ఎరుపు, వీపు మీద పుల్లలా నిలబడే రెక్క. చేపలమ్మే ఆ ఇంట్లో వాటిని నిప్పుతోకలనే అంటారు. అన్నానగర్ డాక్టరు వాటిని చూసి ముచ్చటపడి ఐదింటినీ తనకే ఉంచమని చెప్పి వెళ్ళాడు. ఆదివారం వస్తానన్నాడు.

ఆమె తొట్టి మీది వల తీసి చూసింది. ఎక్కడా చిరుగు లేదు. బల్ల కింద పాక్కుంటూ వెళ్ళి చీపురుపుల్లతో గోడవారన గీరింది. దూకి చచ్చి ఉంటే నేల మీద ఎండిపోయి దొరకాలి. నీళ్ళలోనే చచ్చి ఉంటే ఒక ముల్లయినా మిగలాలి. ఏమీ లేదు. మూడు చేపలు గాల్లో కలిసిపోవు కదా!

"ఏమే శెంబగం! ఇట్రా ఒకసారి!"

శెంబగం వెనక వసారాలో ఫైటర్ చేపల సీసాలు కడుగుతోంది. ఇంటింటా చేపలు పెంచే కొళత్తూరులో ఆ పనిచేసే ఆడవాళ్ళందరిలాగే చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుంది. ఆడి నెల కదా, అమ్మవారికి అంబలి పోయడానికి ఐదు రోజులు ఊరెళ్ళి నిన్న రాత్రే వచ్చింది. ఇన్బవల్లి కోసం తెచ్చిన కుంకుమ పొట్లం, తాటిబెల్లం ముక్క ఇంకా కిటికీలోనే ఉన్నాయి.

"నిప్పుతోకలు మూడు ఏవే?"

"ఉన్నాయి కదక్కా, లోపల దాక్కుని ఉంటాయి."

"గంట నించీ చూస్తున్నా. బుధవారం ఐదున్నాయి. నేనే లెక్కపెట్టా. గురువారం తెల్లారి నువ్వు ఊరెళ్ళావు. ఇవాళ మంగళవారం, రెండున్నాయి."

శెంబగం చేతులు చొక్కాకి తుడుచుకుని తొట్టి ముందు వంగింది. మేకుకి దారంతో వేలాడుతున్న పొడుగు పట్టకారు తీసి, దాని కొసతో అద్దం మీద రెండుసార్లు టక్కుటక్కుమనిపించింది. రాతి సందులోంచి ముందు తెల్లటి మీసాలు బయటికొచ్చాయి, జానెడు పొడుగున. వాటి వెనకాల చారల రొయ్య వచ్చింది. ఎర్రచార, తెల్లచార, ఎర్రచార. ఒంటికంటే పొడుగైన రెండు డెక్కలు, అందులో కుడిది కొంచెం చిన్నది. ఆరు నెలల క్రితం సరుకులో ఒంటి డెక్కతో దిగిన దాన్ని ఇన్బవల్లి మొగుడు కదిర్వేలు పారెయ్యబోతే, నేను సాకుతానని పట్టుబట్టింది శెంబగమే. కుబుసం విడిచినప్పుడల్లా ఆ కుడి డెక్క కాస్త కాస్త పెరుగుతూ వచ్చింది.

శెంబగం ఫ్రిజ్ తెరిచి ఆల్చిప్ప మాంసం ముక్కలుండే డబ్బా బయటికి తీసింది. మూత తీసి చూసి, చేత్తో బరువు చూసి, ఇన్బవల్లి వైపు తిరిగింది.

"అక్కా, ఈ డబ్బా..."

"డబ్బా సంగతి తర్వాత. అడిగినదానికి చెప్పు."

"అదే చెప్తున్నానక్కా. ఈ చారలదే తినేసి ఉంటుంది. దీనికి..."

వాకిట్లో ఎవరో పకపకా నవ్వారు. పక్కింటి దైవానై, ఉప్పు బదులుకని గిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది. ఆమెదీ చేపల కొట్టే.

"విన్నావా అమ్మా ఇన్బం! రొయ్య చేపను తిన్నదంట! రేపు గడ్డి ఆవును మేసిందంటావేంటే?"

ఇన్బవల్లికీ నవ్వొచ్చింది, నవ్వుతోపాటే కోపమూ వచ్చింది. ఆ వీధి వీధంతా మంచినీటి చేపలతోనే బతికింది. రొయ్యపిల్లల్ని గుప్పెళ్ళతో చేపల నోట్లో వేసిన చేతులే అందరివీ. ఉప్పునీటి తొట్టి పెట్టి ఏడాదయినా కాలేదు. రొయ్య అంటే మేత, అంతే. మేత వెళ్ళి చేపను తింటుందని చెప్పేది అబద్ధం గాక ఇంకేమిటి?

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు," అంది దైవానై గొంతు తగ్గించి, తగ్గించినట్టు నటించి. "మొన్న ఆదివారం సంతలో ఈ శెంబగం మరిది వేదగిరి దగ్గర రెండు చూశా. అచ్చం ఇవే. ఎక్కడివో మరి."

"వేదగిరి సొంతంగా సరుకు దింపుకుంటాడు. వాడి చీటీలు చూపించమంటే చూపిస్తాడు," అంది శెంబగం.

"నిన్నెవరే అడిగింది? నేను ఊరికే అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు..."

ఇన్బవల్లి ఇక ఆగలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి ఇత్తడి పళ్ళెంలో కర్పూరం బిళ్ళ పెట్టుకుని వచ్చింది. దాన్ని నేల మీద పెట్టి అగ్గిపుల్ల గీసింది. కర్పూరం భగ్గుమని అంటుకుంది.

"కొట్టి చెప్పు. అమ్మవారి సాక్షిగా నేను తియ్యలేదని, అరచేత్తో కొట్టి ఆర్పు. అయిపోతుంది."

శెంబగం ఆ మంట వంక చూసింది. ఇన్బవల్లి మొహం వంక చూసింది. నోరు కొంచెం తెరుచుకునే ఉండిపోయింది. ఎవరో చెంప మీద కొడితే, ఎవరు కొట్టారో తెలియక తిరిగి చూసే మనిషిలా ఉంది.

"తొమ్మిదేళ్ళక్కా," అంది చివరికి.

"అందుకే అడుగుతున్నా. తియ్యకపోతే భయమెందుకు?"

"చేప కోసం నేను అమ్మవారిని పిలవను. మొన్ననేగా ఆవిడకి అంబలి పోసొచ్చాను, నా పిల్లలు చల్లగా ఉండాలని. అదే నోటితో ఇప్పుడు దీనికి పిలవమంటావా? నమ్మితే నమ్ము. లేకపోతే లేదు."

మంట సన్నబడి, నీలంగా మారి, దానంతటదే ఆరిపోయింది. పళ్ళెంలో నల్లటి మరక మిగిలింది. దైవానై 'చూశావా' అన్నట్టు కళ్ళెగరేసింది.

శెంబగం చొక్కా విప్పి మేకుకి తగిలించి, అన్నం డబ్బా సంచిలో వేసుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అక్కా, ఆ చారలదానికి మాత్రం..."

"ముందు బయటికి నడువు!"

ఇన్బవల్లి అంత గట్టిగా అరుస్తుందని ఇన్బవల్లికే తెలియదు.

బుధవారం పొద్దున సీసాలన్నీ తనే కడిగింది. నాలుగొందల సీసాలు. మధ్యాహ్నానికి నడుము లేవలేదు. శెంబగం వీటిని ఎలా కడిగేదో, కడుగుతూ పాటలెలా పాడేదో అనుకుంది, అనుకున్నందుకు తన మీద తనే విసుక్కుంది. మేత డబ్బా తెరిచి అన్ని తొట్లలోనూ గుప్పెడు గుప్పెడు పొడి మేత చల్లింది. పగడాల తొట్టిలో కూడా అంతే.

గురువారం దైవానై కొత్త కబురు మోసుకొచ్చింది. "మీ శెంబగం నా కొట్టుకొచ్చింది పని కోసం. పెట్టుకుందామనే అనుకున్నాను, కానీ దొంగచెయ్యి మనకెందుకని పంపించేశా. మన వీధిలో ఎవరూ పెట్టుకోరులే. చెప్పాల్సిన వాళ్ళందరికీ చెప్పాను."

"ఎందుకు చెప్పావ్?"

"అదేంటమ్మా! నువ్వు కర్పూరం వెలిగిస్తివి, నేను చెప్తే తప్పొచ్చిందా?"

ఇన్బవల్లి వెనక వసారాలోకి వెళ్ళి సీసాలు ముందేసుకుంది.

శుక్రవారం నెలవారీ కరెంటు కోత. తొమ్మిదింటికి పోతే రెండింటికి గానీ రాదు. ఎండ లోపలికి కొట్టి నీళ్ళు వేడెక్కుతాయని ఆమె ముందు షట్టరు దించేసి, కిటికీలకి గోనెపట్టాలు కట్టింది. తొట్లకి బ్యాటరీ మోటార్లు తగిలించింది. పట్టపగలే గది బావి అడుగులా చీకటైంది. బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు. ముక్కాలిపీట మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటూ, మోటార్లన్నీ తిరుగుతున్నాయో లేదోనని మధ్య మధ్య సెల్‌ఫోను లైటు వేసి చూస్తోంది.

పదకొండున్నర అయి ఉంటుంది. పగడాల తొట్టి మీద లైటు వేసింది.

చారల రొయ్య రాతి మీదికెక్కి ఉంది. అది అలా నడిబొడ్డున నిలబడటం ఆమె ఎప్పుడూ చూడలేదు. దాని డెక్కల మధ్య ఏదో తెల్లగా కొట్టుకుంటోంది. దగ్గరికెళ్ళి అద్దానికి మొహం ఆనించింది. నిప్పుతోక. పొడుగు డెక్క ఒకటి దాని మెడను పట్టింది, చిన్న డెక్క పొట్టను పట్టింది. రొయ్య తొందరేమీ పడటం లేదు. సన్నటి ముందుకాళ్ళతో ముక్క ముక్క తెంపుకుని నోట్లో పెట్టుకుంటోంది. చేప కన్ను ఇంకా తిరుగుతోంది.

"అయ్యయ్యో! అయ్యయ్యో తల్లీ!"

అరచేత్తో అద్దం మీద కొట్టింది. రొయ్య వదల్లేదు. చేపను పట్టుకునే వెనక్కి వెనక్కి నడిచి సందులోకి లాక్కుపోయింది. బయట ఎర్రటి తోక కాసేపు ఊగి, అదీ లోపలికి పోయింది. సందు ముందున్న ఇసుకలోంచి సన్నటి పురుగులు, పీతపిల్లలు బయటికొచ్చి రాలిన తునకల్ని ఏరుకోవడం మొదలుపెట్టాయి. ముల్లు కూడా మిగలదు. ముల్లు మిగలకపోవడం అంటే ఇదన్నమాట!

ఇన్బవల్లి అలాగే నేల మీద కూలబడింది. లైటు చేతిలోంచి జారి సిమెంటు నేల మీద వెలుగుతూ పడి ఉంది. 'గడ్డి ఆవును మేసిందంటావేంటే' అని దైవానై నవ్విన నవ్వు, దానితో కలిసిన తన నవ్వు, రెండూ చెవుల్లో గింగురుమన్నాయి. ఆ మంట వంక శెంబగం చూసిన చూపు గుర్తొచ్చింది.

కరెంటు వచ్చేసరికి కదిర్వేలు సరుకు దించి ఇంటికొచ్చాడు. భార్య మొహం చూసి బండి తాళం కూడా తీయలేదు. సంగతంతా విన్నాడు. మారు మాట్లాడకుండా వల తీసుకుని రాళ్ళు కదిపి, అరగంట తిప్పలు పడి రొయ్యను పట్టి బకెట్లో వేశాడు. దానికి గాలిగొట్టం పెట్టాడు. మిగిలిన ఒక్క నిప్పుతోక మూల నక్కి వణుకుతోంది.

"ఆదివారం సంతకి పెరంబూరు నుంచి ఉప్పునీటి చేపలు కొనే ఆయన వస్తాడు. ఇచ్చేద్దాం, పీడా పోతుంది. పగడాల తొట్టిలో ఇది ఉండకూడదు," అన్నాడు.

"మరి శెంబగం?"

"కబురు చేస్తే వస్తుంది. మనకి మనిషి కావాలి, దానికి పని కావాలి. రొయ్య సంగతి ఎత్తకు."

"ఎత్తకుండా ఎలా? వీధంతా దొంగంటోంది దాన్ని."

"నాలుగు రోజులంటారు, మర్చిపోతారు. నువ్వెళ్ళి నాదే తప్పంటే మాత్రం, ఇన్బవల్లి కర్పూరం పెట్టి నిందేసిందని నలభయ్యేళ్ళు చెప్పుకుంటారు. కొట్టు నడపాలా వద్దా?"

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆమెకి మరీ భయమేసింది. బకెట్ పక్కన చతికిలబడి లోపలికి చూసింది. రొయ్య బకెట్ అంచున గుండ్రంగా తిరుగుతోంది, దాక్కోవడానికి రాయి లేక. దీన్ని పెరంబూరుకి పంపేస్తే ఈ ఇంట్లో జరిగింది చూసిన ప్రాణి ఇంకొకటి లేదు. శెంబగం దొంగగానే ఉండిపోతుంది, తాను మంచిదానిగానే ఉండిపోతుంది. అంత సులువు!

శనివారమంతా ఉంచాలా పంపాలా అని బకెట్ చుట్టూ తిరిగింది. డాక్టరుకి ఫోన్ చేసి చేపలు పోయాయని చెప్పింది. ఎలా పోయాయని ఆయన అడిగితే ఫోన్ పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నే, సంత మొదలుకాకముందే, పాలిథిన్ సంచిలో ఉప్పునీళ్ళు పోసి రొయ్యను అందులోకి దింపింది. గాలి నింపి రబ్బరుబ్యాండు బిగించి, వైరుబుట్టలో నిలబెట్టింది. ఒక కర్పూరం బిళ్ళ, అగ్గిపెట్టె కొంగున ముడేసుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు కదిర్వేలు.

"సాక్ష్యానికి," అంది.

శెంబగం ఇంటికి తాళం వేసి ఉంది. పక్కవాళ్ళు కాలువ వైపు చెయ్యి చూపించారు. ఇన్బవల్లికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అడుగు పడలేదు. కాలువగట్టు మీద చేసే పని ఒకటే, ఎర్రపురుగులు కడగడం. మురుగులోంచి బురద తోడి, జల్లెట్లో వేసి, నీళ్ళు పోస్తూ పోస్తూ చేపల మేతకని పురుగుల్ని వేరు చేస్తారు. ఇంకే పనీ దొరకనివాళ్ళు చేసే పని అది. నలుగురు ఆడవాళ్ళు గట్టు మీద వరసగా గొంతుక్కూర్చుని ఉన్నారు. చివర శెంబగం. మోచేతుల దాకా నల్లటి బురద.

"అక్కా! నువ్వేంటి ఇక్కడ? కంపు కొడుతుంది, అవతలే ఉండు."

ఇన్బవల్లి అవతల ఉండలేదు. బురదలోనే నడిచి వచ్చి బుట్టలోంచి సంచి పైకెత్తింది. నోరు విప్పితే మాటకంటే ముందు ఏడుపొచ్చింది.

"ఇదేనే. ఇదే తింది. శుక్రవారం కోతప్పుడు నా కళ్ళతో చూశా. నిన్ను దొంగన్నాను. నా నోరు పడిపోను."

మిగతా ముగ్గురూ జల్లెడలు ఆపి చూస్తున్నారు. శెంబగం లేచి, బిందెలో నీళ్ళతో చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. కంగారేమీ లేకుండా సంచి అందుకుని ఎండకి ఎత్తి పట్టుకుంది.

"మీసం ఒకటి విరిగింది."

"మా ఆయన వలతో పట్టారు."

"దీన్ని వలతో పట్టకూడదక్కా. గ్లాసు ముంచి అందులోకి నడిపించాలి." సంచిని మెల్లిగా తిప్పి చూసింది. "దీనికి కూడా కర్పూరం వెలిగించావా?"

పక్కనున్న ఒకావిడ కిసుక్కున నవ్వింది. ఇన్బవల్లి తల దించుకుంది.

"నీ ఇంట్లో తొమ్మిదేళ్ళున్నా. నా మాట చాల్లేదు. ఒక రొయ్య వచ్చి సాక్ష్యం చెప్పాల్సొచ్చింది," అంది శెంబగం. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే ఇన్బవల్లికి కొంచెం తేలికగా ఉండేది.

"దీన్ని పెరంబూరాయనకి ఇచ్చేస్తున్నాం. ఇక మన ఇంట్లో ఉండదు. నువ్వు రావే."

"ఎందుకిస్తావ్? అదేం చేసింది?"

"ఏం చేసిందంటావేంటే! నాలుగు చేపల్ని మింగింది!"

శెంబగం సంచిని బుట్టలో నిలబెట్టి, దాని మీద నీడ పడేలా బుట్టను తన వెనక్కి జరిపింది. అప్పుడు అడిగింది.

"ఆరు నెలలు ఆ చేపలూ అదీ ఒకే తొట్టిలో ఉన్నాయా లేదా? ఒక్కదాన్నయినా ముట్టిందా?"

ఇన్బవల్లి తల అడ్డంగా ఊపింది.

"గురువారం బస్సుకి వెళ్తూ వెళ్తూ నీకేం చెప్పానక్కా?"

"రోజూ సాయంత్రం..." ఇన్బవల్లి బుట్ట వంక చూసింది. "సాయంత్రం పట్టకారుతో రెండు ముక్కలు పెట్టమన్నావు. పొడి మేత దానికి చాలదన్నావు."

"అప్పుడు నువ్వేమన్నావు?"

నవ్వుతూ అన్న మాట. ఇన్బవల్లికి అక్షరం అక్షరం గుర్తుంది. 'రొయ్యకి కూడా పీట వేసి వడ్డించాలేంటే?' గురువారం సాయంత్రం టీవీ ముందు కూర్చుంది. శుక్రవారం ఆడి పూజ. శని, ఆదివారాలు సంత హడావుడి, సోమవారం సీసాల పని. ఒక్కరోజు కూడా ఫ్రిజ్‌లోని ఆ ముక్కల డబ్బా మూత తియ్యలేదు. మంగళవారం శెంబగం డబ్బా బరువు చూసి తన వైపు తిరిగింది ఇందుకే. గడప దగ్గర ఆగిందీ ఇందుకే. రెండుసార్లు చెప్పబోయింది, రెండుసార్లూ తనే నోరు నొక్కింది. ఆ తర్వాత మూడు రోజులు మళ్ళీ పస్తు పెట్టింది.

"పెట్టావా అక్కా?"

ఇన్బవల్లి గట్టు మీది ఆడవాళ్ళ వైపు తిరిగింది.

"పెట్టలేదు," అంది ఇన్బవల్లి. అందరికీ వినబడేలాగే అంది. "ఐదు రోజులూ పెట్టలేదు. దాని కడుపు మాడ్చింది నేనే."

కొంగు ముడి విప్పి కర్పూరం బిళ్ళ తీసింది. అగ్గిపుల్ల గియ్యబోయింది. "ఇదిగో, వీళ్ళందరి ముందూ నేనే కొట్టి చెప్తాను, నువ్వు..."

శెంబగం అగ్గిపెట్టె లాక్కుంది.

"వద్దు. ఉన్న మాట చెప్పడానికి నిప్పెందుకక్కా? చెప్పావుగా. చాలు."

"రేపు పనికొస్తావా?"

"ఇవాళ పదకొండింటికల్లా ఈ పురుగులు కడిగి ఇవ్వాలి."

"రేపు సంగతి అడుగుతున్నానే."

శెంబగం జల్లెడ ముందు మళ్ళీ గొంతుక్కూర్చుంది. తల తిప్పకుండానే అంది, "ఎండెక్కుతోంది. సంచిలో నీళ్ళు వేడెక్కితే చస్తుంది. తొందరగా తీసుకెళ్ళు."

వీధిలో సంత కూడింది. దైవానై కొట్టు ముందు జనం కిటకిటలాడుతున్నారు. ఆమె బుట్టలోని సంచి చూసి గట్టిగా పలకరించింది.

"ఏమ్మా ఇన్బం, పొద్దున్నే ఎవరికి అమ్మొస్తున్నావ్?"

ఇన్బవల్లి ఆగింది. కదిర్వేలు తమ కొట్టు గడపలోంచి 'వద్దు' అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

"అమ్మడం లేదు వదినా. ఇది మా ఇంట్లోనే ఉంటుంది. నిప్పుతోకల్ని తిన్నది ఇదే. నేను మేత పెట్టక తింది. శెంబగం తియ్యలేదు. నీ నోటితో ఎవరెవరికి చెప్పావో, అదే నోటితో వాళ్ళందరికీ ఈ మాట కూడా చెప్పు."

దైవానై చేతిలోని చేపల సంచి సగం ముడిలోనే ఆగిపోయింది. కొనేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇన్బవల్లి వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ ఇంట్లోకి వెళ్ళింది. కదిర్వేలు ఏదో అనబోయి, ఆమె మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు.

మిగిలిన నిప్పుతోకను గ్లాసుతో పట్టి పక్కనున్న చిన్న ఉప్పునీటి తొట్టిలోకి మార్చింది. రొయ్య సంచిని పగడాల తొట్టి నీళ్ళలో తేల్చి, గంటసేపు కొద్దికొద్దిగా ఆ నీళ్ళు కలిపి, అప్పుడు వదిలింది. అది నేరుగా అడుక్కి దిగి, తన సందు వెతుక్కుని లోపలికి దూరింది.

ఫ్రిజ్ తెరిచి డబ్బా తీసింది. నిండుగా ఉంది. రెండు ముక్కలు నీళ్ళలో నానబెట్టి, మేకుకున్న పట్టకారు అందుకుంది. దాని పక్క మేకుకి శెంబగం చొక్కా అలాగే వేలాడుతోంది. పట్టకారు కొసతో అద్దం మీద రెండుసార్లు టక్కుటక్కుమనిపించింది. తనతో దానికి అలవాటు లేదు, మీసం విరిగి ఉంది, రెండు రోజులు బకెట్లో బెదిరి ఉంది. సాయంత్రం దాకా రాదేమో, ఎంతసేపైనా నిలబడదామనుకుంది.

చప్పుడు ఆగీ ఆగకముందే రొయ్య పరుగున బయటికొచ్చింది. అద్దం దగ్గరికొచ్చి, డెక్కలు రెండూ పైకెత్తి, ఆమె చేతికోసం నిలబడింది.

శెంబగం లేని ఆ ఐదు సాయంత్రాలు కూడా ఇలాగే వచ్చి నిలబడి ఉంటుంది.